ఉత్తరం వైపు తోట

ఒక మనిషిని చిన్నచూపు చూడటానికి ఛాయాదేవి పెద్ద కారణాలు వెతుక్కోదు. మొక్కకి నీళ్ళు పోసే తీరు చూస్తే చాలు. మిట్టమధ్యాహ్నం పోసేవాళ్ళు, మొదలు వదిలేసి ఆకుల మీద పోసేవాళ్ళు, ఒక చేత్తో పైపూ ఇంకో చేత్తో ఫోనూ పట్టుకుని పోసేవాళ్ళు... వీళ్ళకి ఆమె మనసులో విడివిడిగా గదులున్నాయి. భర్త రవీంద్రనాథ్‌కి మూడు గదుల్లోనూ చోటుండటం వల్ల అతన్ని తోటలోకి రానివ్వడం మానేసింది.

తోట ఆమెది కాదు. జర్మనీలోని బ్యోబ్లింగెన్‌లో వాళ్ళు అద్దెకుండే మూడంతస్తుల ఇంటికి ఉత్తరం వైపు, ఎత్తైన పైన్ చెట్ల కింద, ఇంటి యజమానురాలు ఫ్రౌ హెల్లర్ పెంచుకున్న తోట అది. అక్కడ ఎండ నేరుగా పడదు. జల్లెడ పట్టినట్టు కొమ్మల్లోంచి రాలుతుంది. ఆ నీడలో తెల్ల పూల రోడోడెండ్రాన్లు మనిషెత్తు పొదలై నిలబడ్డాయి. లాక్‌డౌన్ మొదలైన మార్చిలో, ఎనభై దాటిన ఫ్రౌ హెల్లర్ తనకిక నడుం వంగడం లేదని తోట పని ఛాయాదేవికి అప్పగించింది. ఊరికే అప్పగించలేదు. కొన్నాళ్ళు కిటికీలోంచి చూసింది. ఛాయాదేవి కుళాయి నీళ్ళు ముట్టకుండా పీపాలో పట్టిన వాన నీళ్ళే పోయడం చూసింది. కుళాయి నీళ్ళలోని సున్నం ఈ మొక్కలకి పడదు. ఆ సున్నం ఎంతుందో టీ నీళ్ళు కాచే కెటిల్ అడుగు చూస్తే తెలుస్తుంది. వేళ్ళు పైపైనే ఉంటాయని పార జోలికి పోకుండా, రాలిన పైన్ సూదులు దోసిళ్ళతో తెచ్చి మొదళ్ళలో పరవడం చూసింది. అప్పుడు కిటికీ తెరిచి, బాగుందని "గూట్" అంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఛాయాదేవికి అందిన మెప్పుల్లో నమ్మదగ్గది అదొక్కటే.

మే నెల నడిమికి మొగ్గలు విచ్చుకున్నాయి. మొగ్గలో లేత గులాబీ, విచ్చుకున్నాక పాలతెలుపు, గొంతులో మాత్రం ఆకుపచ్చ చుక్కలు. ఆ మంగళవారం పొద్దున పీపా మూత తీస్తూ చూసేసరికి గోడ పక్క పెద్ద పొద ఒకవైపు వెలితిగా కనిపించింది. దగ్గరికెళ్ళి చూస్తే ఐదారు గుత్తులు లేవు. వాడినవి కావు, నిన్ననే నిండుగా విచ్చినవి.

కొమ్మ చివర వేలితో తడిమింది. కత్తెర పెట్టలేదు, చేత్తో విరిచారు. విరిచిన చోటు నున్నగా ఉంది. దాని కిందే ఉండే లేత చిగురు మొగ్గలకి గోరు కూడా తగల్లేదు. వాటికి దెబ్బ తగిలితే ఆ కొమ్మకి వచ్చే ఏడు పువ్వుండదు. దొంగకి చెయ్యి తిరిగిందని ఒప్పుకోవడం ఇష్టం లేక, అదృష్టం కొద్దీ అలా విరిగిందనుకుంది.

ఎవరి పనో ఆమెకి అప్పుడే తేలిపోయింది. తెల్లారకుండా ప్లాస్టిక్ కవరు పట్టుకుని పరాయి గోడల మీదికి వంగేది ఈ భూమ్మీద తనవాళ్ళే. నడకకని బయల్దేరి నాలుగిళ్ళ నందివర్ధనాలతో తిరిగొస్తారు. అడిగితే "దేవుడికేగా" అంటారు, దేవుడు ప్రత్యేకంగా పక్కింటి పూలే కావాలని అడిగినట్టు. పై అంతస్తులో అద్దెకుండే భానుప్రియ వాళ్ళమ్మ మంగతాయారు ఉంది. కూతురి కాన్పుకని శీతాకాలంలో కాకినాడ నుంచి వచ్చి, ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి విమానాలు ఆగిపోవడంతో ఇక్కడే చిక్కుకుపోయిన మనిషి. పొద్దున్నే స్నానం, పూజ, ఆ తర్వాత కిందికి దిగి ఈ తోటలో బల్ల మీద కూర్చోవడం. ఇంక వేరే రుజువేం కావాలి?

"పైవాళ్ళ పిన్నిగారికి రోజూ పూజ ఉంటుంది కదండీ," అంది మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ.

రవీంద్రనాథ్ ఒక చెవిలోంచి మాత్రమే ఇయర్‌ఫోన్ తీశాడు. రెండో చెవి ఆఫీసుది. "ఉంటే?"

"ఏం లేదు. తోటలో గుత్తులు పోయాయి."

అంతే అంది. పప్పు గిన్నె అతని వైపు జరిపింది. అతను తిన్నంతసేపూ తెర మీది గళ్ళలో ఉన్న మొహాలకి తల ఊపుతూనే ఉన్నాడు. ఈ మనిషి తన మాట విన్నాడని ఆమె అనుకోలేదు.

విన్నాడు. సాయంత్రానికి ఆ మాట పక్క వీధిలో ఉండే వెంకటరామారావుకి చేరింది. వెంకటరామారావు ఊళ్ళో తెలుగువాళ్ళకి పెద్ద. ఆయన్ని ఎవరూ ఎన్నుకోలేదు. ముందొచ్చాడు, వాట్సాప్ గ్రూపు పెట్టాడు, పెద్దయ్యాడు. రాత్రి వంటలవేళకి గ్రూపులో సందేశం దిగింది. 'జర్మన్ సమాజంలో మనం సంపాదించుకున్న గౌరవానికి, కొందరి అవగాహనాలోపం వల్ల, ముఖ్యంగా మన పెద్దల పాత అలవాట్ల వల్ల, మచ్చ రాకూడదని మనవి' అని. కింద దణ్ణాలు, గులాబీలు. పేరు రాయలేదు. రాయనందువల్ల ప్రతివాళ్ళూ విడిగా ఫోన్ చేసుకుని పేరు కనుక్కున్నారు. పేరు రాసి ఉంటే కనీసం ఆ ఫోన్లు తప్పేవని ఛాయాదేవి అనుకుంది. ఒకరు చప్పట్ల బొమ్మ పెట్టారు. ఇంకొకరు 'వెల్ సెడ్ సార్' అన్నారు. వెనకటి సంక్రాంతికి ఊరి పార్కులో ఆకులు కోసి గుమ్మానికి తోరణం కట్టుకున్నావిడ అందరికంటే పెద్ద దణ్ణం పెట్టింది.

మర్నాడు ఆయనే ఫోన్ చేశాడు.

"చెల్లె, నువ్వు ఫికర్ జెయ్యకు. ఇండ్ల నీ తప్పేం లేదు. ఐతారం నాడు అందరం కలిసి ముసలామె దగ్గరికి పోదాం. గ్రూపు తరఫున ఒక ఆర్కిడ్ కుండీ ఇద్దాం, కార్డు ఇద్దాం. ఆ అమ్మగారితోని ఒక్క సారీ చెప్పిపిస్తే అయిపాయె."

"ఫ్రౌ హెల్లర్ ఏమీ అనలేదు కదా అన్నగారూ?"

"అనేదాక ఆగుతమా? జర్మనోళ్ళు అనరమ్మా. మనసుల పెట్టుకుంటరు. రేపు మనోళ్ళకు ఒక్కలికి ఇల్లు దొరకదు."

ఎవరూ వేయని నిందకి ముందుగానే తలొంచుకుని, ఆ తలల్లో ఒకదాన్ని ఎంచి చేతికందించే ఈ ఏర్పాటుకి ఆమెకి నవ్వొచ్చింది. నవ్వింది గానీ వద్దని మాత్రం అనలేదు. తప్పు చేసినవాళ్ళు సారీ చెప్తే పోయేదేముంది?

గురువారం ఆమె తోటలోకి వెళ్ళేసరికి మంగతాయారు బల్ల మీద ఒక కాలు మడిచి కూర్చుని ఉంది. చీర మీద అల్లుడి పాత స్వెట్టరు. ఒక చెప్పు పైన్ సూదుల్లో బోర్లా పడి ఉంది.

"ఏం అమ్మాయ్, నేను దొంగనటగా?"

"ఎవరన్నారు పిన్నిగారూ?"

"పేరెట్టకుండా అన్నార్ట. మా అమ్మాయి చదివి ఒకటే ఏడుపు. 'కోస్తే కోశానని ఒప్పేసుకోవే అమ్మా, ఆవిడ మన ఓనరు, పసిపిల్లతో మళ్ళీ ఇల్లెక్కడ వెతుక్కుంటాం' అంటది. కొయ్యకుండా కోశానని ఎలా చెప్పనే అంటే మళ్ళీ ఏడుపు." పొద వైపు చెయ్యి ఊపింది. "అయినా ఈ పువ్వెవడిక్కావాలి? వాసన లేదు. ముట్టుకుంటే జిగురు. నెత్తిన పెడితే దేవుడు తలంటుకోవాలి. రెండు అక్షింతలేసి దణ్ణం పెట్టుకుంటన్నాను. లాక్‌డౌన్ కదా, ఆయనా సర్దుకుపోతన్నాడు."

ఛాయాదేవికి నవ్వాగలేదు. నవ్వినందుకు తనమీద తనకే చిరాకేసి, నీళ్ళ డబ్బా ఎత్తి పొద మొదట్లో పోయసాగింది. దొంగలు తమాషాగానే మాట్లాడతారు.

"ఈ బల్లొక్కటి లేకపోతే నాకు పిచ్చెక్కేదమ్మాయ్," అంది మంగతాయారు. "ఉన్నవి రెండు గదులా. ఒకదాన్లో అల్లుడి ఆఫీసు, ఒకదాన్లో చంటిదాని నిద్ర. దగ్గొస్తే 'మ్యూట్, మ్యూట్' అంటాడు. నన్నే అంటన్నాడనుకుని నోరు మూసుకుంటా. గిన్నె చప్పుడు కాకూడదు, గాజుల చప్పుడు కాకూడదు. ఇక్కడికొచ్చి కూర్చుంటే గట్టిగా ఊపిరి పీల్చినా అడిగేవాడు లేడు." కాలితో చెప్పు కోసం వెతుకుతూ, "నువ్వు గానీ ఏవన్నా అన్నావా?" అంది.

"నేనెవరి పేరూ చెప్పలేదు పిన్నిగారూ."

అది అబద్ధం కాదు. ఛాయాదేవి మాటల్ని తూచి వాడుతుంది. మంగతాయారు ఆమె మొహంలోకి ఒక్క క్షణం ఎక్కువగా చూసి, వంగి చెప్పు తిరగేసి తొడుక్కుంది.

శనివారం వానొస్తుందని ఫోన్ చెప్పింది. తెల్ల రేకుల మీద గట్టి వాన పడితే గోధుమరంగు మచ్చలొస్తాయి. ముందు విచ్చినవి ఎలాగూ వాడుతున్నాయి కాబట్టి వాటిని తుంచేద్దామని ఛాయాదేవి మామూలుకంటే పెందలాడే కిందికి దిగింది. పెద్ద పొద దగ్గర ఎవరో ఉన్నారు. ఇప్పుడు పట్టుకున్నానన్న ఉత్సాహంతో చప్పుడు చేయకుండా నాలుగడుగులు వేసింది.

ఫ్రౌ హెల్లర్. నాలుగు చక్రాల నడక బండి పక్కన నిలబెట్టుకుని, రొమ్మెత్తులో ఉన్న గుత్తిని ఎడంచేత్తో పట్టుకుని, కుడి బొటనవేలు అడుగున ఆనించి పక్కకి వంచింది. టప్పున ఊడొచ్చింది. కాడకి తడి కాయితం చుట్టి బండి బుట్టలో పడుకోబెట్టింది. అందులో అప్పటికే నాలుగున్నాయి.

"ఓ, మీరా!" అంది తిరిగి చూసి, చిన్నపిల్ల పట్టుబడ్డట్టు నవ్వుతూ. "మీకు చెప్పాల్సింది. మీరు వీటిని పిల్లల్లా చూసుకుంటున్నారు, ఎవరు తగ్గినా తెలిసిపోతుంది. ఇవి గ్యుంటర్ కోసం."

గ్యుంటర్ ఆవిడ భర్త. రెండు వీధుల అవతల వృద్ధుల సంరక్షణ గృహంలో ఉంటున్నాడు. మార్చి నుంచి ఆవిడని లోపలికి రానివ్వడం లేదు. మంగళవారం ఒకసారి, శనివారం ఒకసారి వెళ్ళి ఆ గృహం తోట వైపు రోడ్డు మీద నిలబడుతుందట. నర్సు పూలు పట్టుకెళ్ళి పై అంతస్తు కిటికీలో పెడుతుందట.

"ఆయనకి చూపు బాగా తగ్గింది. నన్ను పోల్చుకోలేడు. ఎర్రవైతే నల్లగా కనిపిస్తాయట. తెల్లవి మాత్రం కనిపిస్తాయి. పూలు కదిపితే చెయ్యి ఊపుతాడు." బుట్ట మీద రుమాలు కప్పింది. "ఈ పూలు నెలాఖరు దాకా ఉంటే చాలు."

బండి చక్రాలు రాళ్ళ బాట మీద కిరకిరలాడుతూ వెళ్ళిపోయాయి. ఛాయాదేవి పొద దగ్గరే ఉండిపోయింది. కొమ్మ చివర నున్నగా ఉంది. చిగురు మొగ్గలు భద్రంగా ఉన్నాయి. ఎనభై ఏళ్ళ చేతి పనిని అదృష్టమనుకుని దాటేసిన తన కళ్ళ మీద ఆమెకి మొదటిసారి అసహ్యం వేసింది. ఆ అసహ్యాన్ని ఎక్కువసేపు ఉంచుకోలేదు. పైకెళ్ళి రవీంద్రనాథ్‌ని లేపి, చూసింది చెప్పింది.

"ఇప్పుడా?" అన్నాడతను దుప్పటిలోంచి. "ఆర్కిడ్ కొనేశారు. కార్డు ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించారు. రామారావుగారు జర్మన్‌లో స్పీచ్ కూడా రాసుకున్నారు. ఇప్పుడు ముసలావిడే కోసుకుందంటే మన మొహాలెక్కడ పెట్టుకోవాలి?"

"మరి పిన్నిగారి మొహం?"

"మొదట ఎవరన్నారు ఛాయా ఆవిడ పేరు?"

ఆమె పేరు అనలేదు. పూజ అంది. ఆ తేడా ఎంత సన్నగా ఉందో పొద్దుటి వెలుతురులో ఆమెకే కనిపించింది. రేపు ఎలాగూ ఫ్రౌ హెల్లరే చెప్తుంది. తన పూలు తనే కోసుకున్నానని ఒక్క మాటంటే అందరి నోళ్ళూ మూతపడతాయి. మధ్యలో తను దూరడం దేనికి? వాన వచ్చేలోపు కిందికెళ్ళి వాడిన గుత్తులన్నీ తుంచింది. చేతులు జిగురు పట్టాయి. ఎంత తోమినా ఆ పూటకి వదల్లేదు.

ఆదివారం మబ్బు విడిచింది. రెండిళ్ళ వాళ్ళకంటే ఎక్కువమంది కలవకూడదన్న నియమం ఉన్న రోజుల్లో, నియమాలు పాటించే జాతి మాది అని చెప్పడానికి నాలుగిళ్ళ వాళ్ళు తోటలో చేరారు. వెంకటరామారావు కోటు వేసుకొచ్చాడు. మాస్కు ముక్కు కిందికి ఉంది. ఆర్కిడ్ కుండీ భానుప్రియ భర్త శశికాంత్ చేతుల్లో ఉంది. సొంత పెళ్ళిలో కూడా అతను అంత వినయంగా ఏదీ పట్టుకుని ఉండడు. భానుప్రియ చంటిదాన్ని భుజాన వేసుకుని, తల్లి పక్కన కాకుండా ఒకడుగు వెనక నిలబడింది. మంగతాయారు స్వెట్టరు వేసుకోలేదు. ఇస్త్రీ చీర కట్టుకుంది.

ఫ్రౌ హెల్లర్ వెనక గుమ్మంలోకి వచ్చి, కర్రకి ఆనుకుని, ఇంతమందిని చూసి బెదిరినట్టు ఆగింది. వెంకటరామారావు భారతీయ సమాజం తరఫున అని మొదలుపెట్టాడు. ఆఫీసు జర్మన్. విలువలు వచ్చాయి, సమైక్యత వచ్చింది, తరాల మధ్య సాంస్కృతిక అంతరం వచ్చింది. పూల మాట చిట్టచివర వచ్చింది. అప్పుడు మాత్రం ఫ్రౌ హెల్లర్ తలెత్తి పొదని చూసింది. తర్వాత మంగతాయారుని చూసింది. ఆ తర్వాత, అంతమందిలో తనకి తెలిసిన మొహం కోసం వెతికి, ఛాయాదేవిని అడిగింది.

"అలాగా? ఈవిడ కూడా కోసుకుందా?"

ఆ 'కూడా' ఏమిటో అక్కడున్నవాళ్ళలో ఛాయాదేవికి మాత్రమే తెలుసు. వెంకటరామారావు పట్టించుకోలేదు, కార్డు తీస్తున్నాడు. ఫ్రౌ హెల్లర్ ఆమెనే చూస్తోంది. నిజంగా అడుగుతోంది, జవాబు వచ్చేదాకా ఆగుతోంది. జర్మన్‌లో ఛాయాదేవికి వచ్చిన మాటల్లో, కాదని చెప్పే 'నైన్' అన్నిటికంటే తేలిక. కానీ ఆ మాటన్నాక వెంకటరామారావు తిరిగి చూస్తాడు. రవీంద్రనాథ్ తిరిగి చూస్తాడు. ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, ఎందుకు చెప్పారు అన్నీ పైకొస్తాయి. ఫ్రౌ హెల్లర్‌కి కూడా తెలుస్తుంది, ఈ తోటలో మొదటి వేలు ఎత్తింది ఎవరో. మళ్ళీ ఆ కిటికీ తెరుచుకుని "గూట్" అనదు.

ఛాయాదేవి మాస్కు సర్దుకుంది.

"సరే," అంది ఫ్రౌ హెల్లర్ కాసేపటికి. "పరవాలేదు. ఇకమీదట ముందు అడిగితే బాగుంటుంది."

"అమ్మా, గా ఒక్క మాట చెప్పుండ్రి," అన్నాడు వెంకటరామారావు గొంతు తగ్గించి. "ఎంట్‌షుల్డిగుంగ్. అంతే."

మంగతాయారు మాస్కు కిందికి లాగింది. రెండు చేతులూ జోడించి, కూతురు నేర్పిన ఆ క్షమాపణ మాటని ఒక్క అక్షరం పొల్లుపోకుండా అంది. ఫ్రౌ హెల్లర్ తల వంచి ఆ దణ్ణం అందుకుంది. భానుప్రియ చంటిదాని వీపులో మొహం దాచుకుంది. రవీంద్రనాథ్ ఫొటో తీశాడు. ఇంకా మెట్లెక్కుతుండగానే గ్రూపులో చప్పట్లు మొదలయ్యాయి.

సోమవారం పొద్దున కిటికీ తెరుచుకుంది. ఫ్రౌ హెల్లర్ వేళ్ళ చివర ఒక చిన్న తాళంచెవి ఊగుతోంది.

"చెక్క గేటుది. ఎన్నడూ వేసింది లేదు. ఆ పెద్దావిడ మీద నాకు కోపం లేదు, కానీ తలా కొన్ని కోసుకుంటే గ్యుంటర్‌కి నెలాఖరు దాకా ఉండవు. తాళం వేసి ఉంచండి. మీరొక్కరే వచ్చి చూసుకుంటే చాలు."

ఛాయాదేవి చెయ్యి చాపింది. చాపుతున్నప్పుడు కూడా చెప్పడానికి టైముంది. "డాంకె," అని థాంక్స్ మాత్రం చెప్పింది.

గేటు మూసి తాళం వేసింది. తుప్పు పట్టి ఉండటం వల్ల రెండుసార్లు తిప్పాల్సి వచ్చింది. ఇవతల నిలబడి చూస్తే బల్ల ఖాళీగా ఉంది, దాని మీద నిన్నటి పైన్ సూదులు. తాళంచెవి పిడికిట్లో బిగించుకుని రెండో అంతస్తుకి ఎక్కింది.

మంగతాయారు తలుపు తీసి, లోపలి గది వైపు చూపించి పెదవుల మీద వేలు పెట్టింది. లోపల శశికాంత్ ఎవరికో ఇంగ్లీషులో గడువులు చెబుతున్నాడు. ఇద్దరూ వంటింట్లోకి నడిచారు. కుళాయి సన్నగా తిప్పి ఆవిడ పాలసీసా కడగడం మొదలుపెట్టింది.

"పిన్నిగారూ, తోటకి తాళం వెయ్యమంది ఆవిడ," అంది ఛాయాదేవి గుసగుసగా. "చెవి నా దగ్గరే ఉంది. మీరెప్పుడు రావాలంటే అప్పుడు ఒక మిస్డ్ కాల్ ఇవ్వండి, వచ్చి తీస్తాను."

"తీస్తావని ఆవిడకి తెలుసా?"

"తెలియక్కర్లేదు."

"అంటే ఈసారి నిజంగానే దొంగతనంగా రమ్మంటావు."

ఛాయాదేవి చెయ్యి గట్టు మీద ఆనించింది. "పూలు మీరు కోయలేదని నాకు తెలుసు పిన్నిగారూ. ఆవిడే కోసుకుంది. వాళ్ళాయన కోసం."

"నాకూ తెలుసు. మంగళారం పొద్దున్నే ఈ కిటికీలోంచే చూశాను. బండి బుట్టలో పెట్టుకుని పోయింది."

"మరి అప్పుడే చెప్పలేదేం?"

"నేను కోయలేదన్నానుగా. ఆ మాట చాల్లేదు మీకు." సీసాలో బ్రష్షు తిప్పింది. "చాలకపోతే ఆవిడ పేరు చెప్పాలా? ఆవిడ చెట్టు, ఆవిడ పువ్వు. ఎంత గుట్టుగా కోసుకుంటందో చూశాను. అంతమంది మధ్యలో నిలబెట్టి ఆవిణ్ణి అడిగించనా, నా బల్ల కోసం?" సీసా బోర్లించింది. "నీకెప్పుడు తెలిసింది అమ్మాయ్?"

ఇప్పుడే అనొచ్చు. తాళంచెవి ఇచ్చినప్పుడు చెప్పిందనొచ్చు. ఎలా అంటే అబద్ధం కాకుండా పోతుందో ఛాయాదేవి వెతికింది. ఈసారి అలాంటి మాట దొరకలేదు.

"శనివారం," అంది.

మంగతాయారు కుళాయి కట్టేసింది. పక్క గదిలో గడువులు వినిపిస్తూనే ఉన్నాయి. ఆవిడ శనివారం తర్వాత ఆదివారాన్ని, ఆదివారం తోటలో నిలబడ్డవాళ్ళని ఒక్కొక్కరినీ మనసులో చూసుకుంటున్నట్టు గోడ కేసి చూసింది. కొంగుతో చేతులు తుడుచుకుంది. ఒక్కో వేలూ విడివిడిగా తుడుచుకుంది. తర్వాత ముందుగదిలోకి నడిచి, చప్పుడు కాకుండా గడియ తీసి, దారిచ్చి పక్కకి నిలబడింది.

"మీరు వెళ్ళిరండి ఛాయాదేవిగారూ," అంది. "పాప లేచే వేళైంది."